నిలిచిపోయిన స్పోర్ట్స్ కారులో గేర్లు ఎందుకు పడవు?

సంక్షిప్తంగా: ఏడాదిలో ఎక్కువ కాలం గరాజ్‌లోనే ఉండే కారులో గేర్లు మొరాయిస్తే, ముందు అనుమానించాల్సింది గేర్‌బాక్స్‌ని కాదు, క్లచ్‌ని. క్లచ్ ఆయిల్‌లో చేరిన నీరు, పాడైన రబ్బరు సీళ్లు, ఫ్లైవీల్ (ఇంజన్ వెనక తిరిగే బరువైన చక్రం) మీద పట్టిన తుప్పు చాలాసార్లు గేర్‌బాక్స్ పోయినట్టే కనిపిస్తాయి. ఖర్చు లేని కొన్ని పరీక్షలతో బయటి నుంచి లోపలికి వెళ్తే, బాక్సు దించాలో అక్కర్లేదో ముందే తెలుస్తుంది.

అమెరికాలో మంచు కురిసే రాష్ట్రాల్లో స్పోర్ట్స్ కార్లకి ఏటా కొన్ని నెలలు సెలవే. మిషిగన్, ఒహాయో, మిన్నెసోటా లాంటి చోట్ల చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు కారు అడుగుభాగాన్ని తినేస్తుంది. అందుకని రోజూ తిరగడానికి ఇంకో బండి ఉన్నవాళ్లు చిన్న స్పోర్ట్స్ కారుని నవంబరులో గరాజ్‌లో పెట్టి కవర్ కప్పేస్తారు, ఏప్రిల్‌లో బయటికి తీస్తారు. కొన్ని కార్లు ఏప్రిల్‌లోనూ బయటికి రావు. పిల్లలు పుట్టడం, ఉద్యోగం మారడం, ఏదో ఒక కారణంతో రెండు మూడేళ్లు అలాగే ఉండిపోతాయి.

తీరా బయటికి తీసిన రోజు, కొత్త బ్యాటరీ పెట్టగానే ఇంజన్ స్టార్ట్ అవుతుంది. క్లచ్ తొక్కి ఫస్ట్ గేర్ వేయబోతే కరకరమంటుంది, లేదంటే అసలు పడదు. ఓడోమీటర్ చూస్తే అరవై వేల కిలోమీటర్లు కూడా దాటి ఉండవు. ఇంత తక్కువ తిరిగిన కారుకి గేర్‌బాక్స్ ఎలా పోయిందన్న టెన్షన్ అక్కడే మొదలవుతుంది. నిజానికి గేర్‌బాక్స్ పోయిందని ఇంకా తేలనే లేదు. ఓడోమీటర్ నడిచిన దూరాన్ని చెబుతుంది తప్ప, నిలబడ్డ కాలాన్ని చెప్పదు.

ఈ వ్యాసానికి ఉదాహరణగా తీసుకున్న కారు మాజ్దా ఎంఎక్స్-5. 1989లో చికాగో ఆటో షోలో తొలిసారి కనిపించింది. అమెరికాలో మియాటా అన్న పేరుతో అమ్మారు. 2016లో పది లక్షలవ కారు తయారైంది. ముందు ఇంజన్, వెనక చక్రాలకి శక్తి, మధ్యలో కారు పొడవునా అమర్చిన సాదాసీదా మాన్యువల్ గేర్‌బాక్స్. ఇన్ని కార్లు, ఇన్నేళ్ల అనుభవం ఉన్నాయి కాబట్టి దీని బలహీనతలన్నీ బాగా తెలిసినవే. మిగతా పాత స్పోర్ట్స్ కార్లకీ తర్కం ఇదే, భాగాల అమరిక మాత్రం మారుతుంది.

తిరిగితే అరుగుతుంది, నిలబడితే చెడుతుంది

రోజూ తిరిగే కారులో భాగాలు రాపిడితో పోతాయి. క్లచ్ ప్లేట్ పలచబడుతుంది, సింక్రో రింగులు (గేరు పడే ముందు వేగాలని సమానం చేసేవి) అరుగుతాయి, బేరింగులు వదులవుతాయి. నిలబడ్డ కారులో ఇవి పెద్దగా జరగవు. అక్కడ పనిచేసేవి తేమ, తుప్పు, కాలం.

క్లచ్ పెడల్ తొక్కినప్పుడు ఆ ఒత్తిడిని గేర్‌బాక్స్ దాకా మోసుకెళ్లేది బ్రేకుల్లో వాడే ద్రవమే. డాట్ 3, డాట్ 4 రకాలు గ్లైకాల్ ఆధారంగా తయారవుతాయి. వాటికి గాలిలోని తేమని పీల్చుకునే గుణం ఉంది. ఎంత పీల్చుకుంటాయో అర్థం కావడానికి ప్రమాణాల్లోని అంకెలు పనికొస్తాయి: కొత్త డాట్ 3 ద్రవం కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. అదే ద్రవంలో 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140 డిగ్రీలకి పడిపోతుంది. బ్రేకులకి మరుగు సమస్య అయితే, క్లచ్‌కి తుప్పు సమస్య. నీరు చేరిన ద్రవం సిలిండర్ లోపలి గోడ మీద నెలల తరబడి కదలకుండా నిలబడి ఉంటుంది. పాత ఎంఎక్స్-5ల్లో క్లచ్‌కి బ్రేకులతో సంబంధం లేని చిన్న డబ్బా వేరేగా ఉంటుంది. అందులో ఉండేదే కాస్త ద్రవం కాబట్టి త్వరగా నల్లబడుతుంది. బ్రేక్ ఆయిల్ మార్పించే చాలామంది ఈ డబ్బా సంగతి మర్చిపోతారు.

రెండోది క్లచ్ ప్లేట్. కారు ఆపి వదిలేస్తే, ప్లేట్‌ని ప్రెజర్ ప్లేట్ స్ప్రింగులు ఫ్లైవీల్‌కేసి గట్టిగా అదిమి పట్టి ఉంచుతాయి. ఫ్లైవీల్ ఇనుము. మధ్యలో తేమ చేరితే రెండూ అతుక్కుపోతాయి. వానాకాలమంతా కదలకుండా ఉన్న ట్రాక్టరు క్లచ్ తొక్కినా ముందుకి దూకడం మన ఊళ్లలో మెకానిక్‌లకి బాగా తెలిసిన వ్యవహారం. స్పోర్ట్స్ కారులో జరిగేదీ అదే.

ఇంజన్ ఆపి ఒకసారి, నడుస్తుండగా ఒకసారి

అన్నిటికంటే ముందు చేయాల్సిన పరీక్షకి ఒక్క పానా కూడా అక్కర్లేదు. ఇంజన్ ఆపి, క్లచ్ తొక్కి, అన్ని గేర్లూ వరుసగా వేసి చూడాలి. ఒకటి రెండు గేర్లకి కారుని కొద్దిగా ముందుకి, వెనక్కి నెట్టాల్సి రావచ్చు. పళ్లు ఎదురెదురుగా ఆగితే అలా అవుతుంది, అది లోపం కాదు. అన్నీ పడ్డాక ఇంజన్ ఆన్ చేసి, ఐడిల్‌లో ఉంచి, మళ్లీ వేయాలి.

ఇంజన్ ఆపినప్పుడు సులువుగా పడి, నడుస్తున్నప్పుడు ఏ గేరూ పడకపోతే గేర్‌బాక్స్ లోపల గేర్లని జరిపే ఫోర్కులు, షాఫ్టులు బాగానే ఉన్నట్టు లెక్క. లోపం క్లచ్ వదలకపోవడంలో ఉంది. క్లచ్ తొక్కినా ఇంజన్ తిప్పుడు గేర్‌బాక్స్ లోపలికి ఎంతోకొంత చేరుతూనే ఉంది. తిరుగుతున్న గేరుని ఆగి ఉన్న షాఫ్టుకి కలపలేక సింక్రోలు చేతులెత్తేస్తాయి. ఇంజన్ ఆపినా ఏదో ఒక గేరు పడకపోతే మాత్రం లివర్ కింది భాగాలనో బాక్సు లోపలి భాగాలనో అనుమానించాలి.

క్లచ్ కొద్దిగానే లాగుతోందా (పూర్తిగా విడవడం లేదా) అన్నది తేల్చడానికి రివర్స్ గేరు మంచి సాక్షి. పాత గేర్‌బాక్సుల్లో చాలావాటికి రివర్స్‌కి సింక్రో ఉండదు. న్యూట్రల్‌లో క్లచ్ పూర్తిగా తొక్కి, ఒక ఐదారు సెకన్లు ఆగి, రివర్స్ వేయాలి. ఆ వ్యవధిలో లోపలి షాఫ్ట్ తిరగడం ఆగిపోవాలి. ఆగితే నిశ్శబ్దంగా పడుతుంది. పది సెకన్లు ఆగినా కరకరమంటే క్లచ్ లాగుతూనే ఉంది.

తర్వాత పెడల్‌ని నాలుగైదు సార్లు గబగబా తొక్కి వదిలి, ఆఖరిసారి తొక్కి పట్టుకుని గేరు వేయాలి. అప్పుడు మెత్తగా పడితే హైడ్రాలిక్స్‌లో (ద్రవంతో పనిచేసే భాగాల్లో) గాలి చేరింది, లేదా సీల్ దాటి ద్రవం జారిపోతోంది. ఈ ఒక్క పరీక్ష ఫలితం తెలిస్తే చాలా కార్ల విషయంలో ఇంకా ముందుకు వెళ్లాల్సిన పనే ఉండదు.

స్లేవ్ సిలిండర్: చిన్న భాగం, పెద్ద అనుమానితుడు

ఎంఎక్స్-5 యజమానులని అడిగితే క్లచ్ గురించి అందరూ మొదట చెప్పే మాట స్లేవ్ సిలిండర్. పెడల్ దగ్గర మాస్టర్ సిలిండర్ ద్రవాన్ని నెడితే, గేర్‌బాక్స్ పక్కన బిగించిన ఈ చిన్న సిలిండర్ ఆ ఒత్తిడితో ఒక కడ్డీని బయటికి తోస్తుంది. కడ్డీ క్లచ్ ఫోర్కుని నెడుతుంది. ఫోర్కు రిలీజ్ బేరింగ్‌ని నెడుతుంది. అప్పుడు ప్లేట్ విడుతుంది.

నిలబడ్డ కారులో ఇది పాడయ్యే తీరు గమనించదగ్గది. పిస్టన్ మీది రబ్బరు సీల్ నెలల తరబడి ఒకే చోట ఆగి ఉంటుంది. సీల్ తాకే చోటు అటూ ఇటూ సిలిండర్ గోడ మీద సన్నటి తుప్పు గుంటలు పడతాయి. కారు కదలనంత కాలం కారడం కూడా కనిపించదు. మొదటిసారి పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు మెత్తటి రబ్బరు ఆ గరుకు మీదుగా జారుతుంది, అంచు చిరుగుతుంది. అందుకే గరాజ్‌లో పెట్టేటప్పుడు బాగానే ఉన్న క్లచ్, తీసిన వారం రోజుల్లో పోతుంది. అప్పటిదాకా బాగుందని, ఇప్పుడే ఏదో విరిగిందని యజమాని అనుకుంటాడు. నష్టం మాత్రం ఆ కదలని నెలల్లోనే జరిగింది.

చూసే పద్ధతి కష్టం కాదు. ముందు డబ్బాలో ద్రవం మట్టం, రంగు చూడాలి. లేత తేనె రంగులో ఉండాల్సిన ద్రవం టీ డికాక్షన్‌లా నల్లగా ఉంటే రబ్బరు అరిగి అందులో కలుస్తోందని అర్థం. తర్వాత కారుని స్టాండ్ల మీద నిలిపి (ఒక్క జాకీ మీద నిలిపి కిందికి దూరడం ప్రాణాలకే ప్రమాదం), స్లేవ్ మీది రబ్బరు తొడుగు అంచుని కొద్దిగా ఎత్తి చూడాలి. లోపల తడి ఉంటే సీల్ పోయినట్టే. మాస్టర్ సిలిండర్ కారితే ఆ తడి పెడల్ పైభాగంలో, కారు లోపల కార్పెట్ దగ్గర కనిపిస్తుంది. ఎక్కడా తడి లేకపోతే, ఒకరు పెడల్ తొక్కుతుంటే ఇంకొకరు ఫోర్కు కదలికని గమనించాలి. కదలిక సెంటీమీటరు పైచిలుకు ఉండాలి. అందులో సగమే ఉంటే గాలి చేరింది, లేదా మాస్టర్ లోపలే సీల్ దాటి ద్రవం వెనక్కి పోతోంది, లేదా పాత రబ్బరు గొట్టం ఒత్తిడికి ఉబ్బుతోంది.

మాస్టర్, స్లేవ్, గొట్టం మూడూ ఒకే వయసువి. ఒక్క స్లేవ్ మార్చి కొత్త ద్రవం పోస్తే, ఆ కొత్త ఒత్తిడికి కొన్ని నెలల్లో మాస్టర్ లొంగిపోవడం మామూలే. పదేళ్లు దాటిన సిలిండర్లయితే రెండూ కలిపి మార్చడమే తెలివైన పని.

అమరికని బట్టి ఇదే లోపం ఎంత భారమవుతుందో చెప్పడానికి ఒక పోలిక. ఎంఎక్స్-5లో స్లేవ్ బయట ఉంటుంది, కొన్ని బోల్టులు విప్పితే చేతికొస్తుంది. 1997లో వచ్చిన ఐదో తరం షెవర్లే కార్వెట్‌లో గేర్‌బాక్స్ వెనక ఇరుసు దగ్గర ఉంటుంది. స్లేవ్ సిలిండర్ ఇన్‌పుట్ షాఫ్ట్ చుట్టూ, క్లచ్ గూడు లోపల ఉంటుంది. దాన్ని అందుకోవాలంటే వెనకనున్న బాక్సునీ, ఇంజన్‌నీ బాక్సునీ కలుపుతూ మధ్యలో ఉన్న పొడవాటి టార్క్ ట్యూబునీ దించాలి. సీల్ ఖరీదు రెండిట్లోనూ కొద్దిగానే, కూలీ మాత్రం ఎన్నో రెట్లు. అలాంటి కారులో రెండేళ్లకోసారి ద్రవం మార్చడం ఇంకా ముఖ్యం.

ఫోర్కు కదులుతున్నా క్లచ్ విడకపోతే

ఫోర్కు పూర్తిగా కదులుతోంది, అయినా గేర్లు పడటం లేదు. అంటే హైడ్రాలిక్స్ తన పని తాను చేస్తోంది, అడ్డు లోపల ఉంది. ఇక్కడ ముగ్గురు అనుమానితులు: ఫ్లైవీల్‌కి అతుక్కున్న ప్లేట్, ఎండిపోయిన పైలట్ బేరింగ్, తుప్పు పట్టిన స్ప్లైన్లు (ప్లేట్ జారడానికి షాఫ్ట్ మీద ఉండే గాళ్లు).

ప్లేట్ అతుక్కుంటే లక్షణం తీవ్రంగా ఉంటుంది. గేరులో ఉంచి, క్లచ్ పూర్తిగా తొక్కి స్టార్టర్ తిప్పితే కారు ఒక్కసారిగా కదులుతుంది. అందుకే ఈ పరీక్ష గరాజ్ లోపల, గోడకి ఎదురుగా అస్సలు చేయకూడదు. విడదీయడానికి మొదటి ప్రయత్నం ఓపికతో చేసేది: పెడల్‌ని పూర్తిగా తొక్కి, సీటుకీ పెడల్‌కీ మధ్య కర్ర బిగించి రాత్రంతా వదిలేయడం. అది ఫలించకపోతే ఇంజన్‌ని బాగా వేడెక్కనిచ్చి ఆపాలి. ఎదురుగా ఎవరూ లేని ఖాళీ స్థలంలో, గేరులో ఉంచి, క్లచ్ తొక్కే స్టార్ట్ చేయాలి. మెల్లగా కదులుతున్న కారులో క్లచ్ తొక్కి ఉంచి, యాక్సిలరేటర్ ఇచ్చి వదులుతూ పోతే ఆ కుదుపులకి తుప్పు విడిపోతుంది. విడిపోయినప్పుడు చిన్న టప్ శబ్దంతో ఇంజన్ తేలికైనట్టు తెలుస్తుంది. బలవంతం ఎక్కువైతే ప్లేట్ మీది లైనింగ్ ఊడి ఫ్లైవీల్‌కే ఉండిపోయే ప్రమాదం ఉంది. రెండు మూడు ప్రయత్నాలకి విడవకపోతే ఆపేయడం మంచిది.

పైలట్ బేరింగ్ ఫ్లైవీల్ మధ్యలో ఉండే చిన్న బేరింగ్. గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ ముందు కొస దానిలో కూర్చుంటుంది. గ్రీజు ఎండి బేరింగ్ బిగుసుకుంటే, ప్లేట్ విడిపోయినా సరే ఇంజన్ ఈ దారిన షాఫ్టుని తిప్పుతూనే ఉంటుంది. స్ప్లైన్ల మీద తుప్పు పడితే ప్లేట్ షాఫ్ట్ మీద జారలేక ఫ్లైవీల్‌కి రాసుకుంటూ ఉంటుంది. ఈ రెండిట్లో గేరు పూర్తిగా పడకపోవడం కంటే గరుగ్గా పడటమే ఎక్కువ. ఇవి బాక్సు దించితే తప్ప బాగుకావు.

క్లచ్ బాగుండి, ఒకే గేరు మొండికేస్తే

అన్ని గేర్లూ కరకరమంటే క్లచ్. నడుస్తుండగా ఒక్క గేరే, ముఖ్యంగా రెండోదో మూడోదో, కరకరమంటే సింక్రో. గుర్తుపెట్టుకోవాల్సిన తేడా ఇది.

సింక్రో రింగు పని ఒక చిన్న శంకువు ఆకారపు బ్రేకు లాంటిది. గేరు పళ్లు కలిసే ముందు రింగు గేరు శంకువుని రాసుకుని రెండిటి వేగాన్ని సమానం చేస్తుంది. ఆ రాపిడికి నూనె పొరని కోసుకుపోయే సన్నటి గాళ్లు రింగు లోపలి వైపు ఉంటాయి. అవి అరిగితే వేగం కలవకముందే పళ్లు తగులుకుంటాయి.

దీన్ని తేల్చే పరీక్ష పాత లారీ డ్రైవర్లు రోజూ చేసిన పనే: డబుల్ క్లచ్. గేరు తీసి న్యూట్రల్‌లో క్లచ్ వదిలి, కిందిగేరుకి దిగేటప్పుడైతే కొద్దిగా యాక్సిలరేటర్ ఇచ్చి, మళ్లీ క్లచ్ తొక్కి గేరు వేయాలి. అలా చేస్తే మెత్తగా పడి, మామూలుగా వేస్తే కరకరమంటే సింక్రో అరిగినట్టు దాదాపు ఖాయం.

అయితే నిలబడ్డ కారులో ఆ నిర్ధారణకి తొందరపడకూడదు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు గట్టిగా ఉండటం ఎంఎక్స్-5కి పుట్టుకతో వచ్చిన గుణం. నూనె చల్లగా, చిక్కగా ఉంటే రింగు ఆ పొరని త్వరగా కోయలేదు. పది పదిహేను నిమిషాలు నడిపాక కూడా అలాగే ఉంటేనే లోపం కింద లెక్కవేయాలి.

తర్వాతి మెట్టు నూనె. ఇక్కడ అనుభవజ్ఞులు తప్పక పాటించే నియమం ఒకటుంది: కింది డ్రెయిన్ బోల్టు విప్పే ముందు పైన నూనె పోసే బోల్టు విప్పి చూడాలి. ఏళ్ల తరబడి తిరగని కారులో ఆ పై బోల్టు తుప్పుతో బిగుసుకుపోయి ఉండవచ్చు. నూనె మొత్తం కారిపోయాక ఆ సంగతి తెలిస్తే కారు కదిలించడానికి కూడా వీలుండదు.

కారిన నూనె చాలా విషయాలు చెబుతుంది. పాలలా తెల్లగా ఉంటే నీరు చేరింది. డ్రెయిన్ బోల్టు అయస్కాంతానికి నల్లటి పేస్టులా అంటుకున్న ఇనుప పొడి మామూలే. నూనెలో బంగారు రంగు మెరుపు కనిపిస్తే అది సింక్రోల ఇత్తడి. ఇనుప ముక్కలు, పంటి తునకలు కనిపిస్తే ఇక పరీక్షలు అక్కర్లేదు.

కొత్త నూనె ఎంపికలో జీఎల్-4, జీఎల్-5 అన్న రెండు గేర్ నూనె రకాల గందరగోళం చాలామందిని ఇబ్బంది పెడుతుంది. జీఎల్-5లో అధిక ఒత్తిడిని తట్టుకునే గంధకం, భాస్వరం కలిసిన పదార్థాలు ఎక్కువ. అవి వెనక చక్రాలకి శక్తిని పంచే డిఫరెన్షియల్ గేర్లకి కావాలి. సింక్రోలకి మాత్రం కొంత రాపిడి కావాలి, మరీ జారుడుగా ఉంటే వేగం కలవడం ఆలస్యమవుతుంది. కొన్ని జీఎల్-5 నూనెలు ఇత్తడికి కూడా మంచివి కావు. ఇత్తడి సింక్రోలున్న బాక్సుకి 75డబ్ల్యూ-90 చిక్కదనం ఉన్న జీఎల్-4 నిశ్చింతైన ఎంపిక. ఐదు గేర్ల ఎంఎక్స్-5 బాక్సుకి సుమారు 2 లీటర్లు పడుతుంది. గట్టిగా ఉన్న గేర్లు కొత్త నూనెతోనే దారికి రావడం అరుదేమీ కాదు.

లివర్ కింద ఉన్న చిన్న గూడు సంగతి కూడా ఇక్కడే. ఎంఎక్స్-5లో గేర్ లివర్ నేరుగా బాక్సు మీది గూడులో దిగుతుంది. ఆ గూడుకి కొద్దిగా సొంత నూనె ఉంటుంది, కింద చిన్న నైలాన్ బుష్ ఉంటుంది, పైన రబ్బరు బూట్లు ఉంటాయి. కాలంతో బూట్లు చిరిగి, నూనె ఎండిపోతుంది. లివర్ రాయి మీద గీసినట్టు కదలడం, లివర్ చుట్టూ వేడి గాలి రావడం దీని గుర్తులు. అరపూట పని, ఖర్చు కొద్దిగానే. గేర్‌బాక్స్ గరుగ్గా ఉందని వచ్చే ఫిర్యాదుల్లో కొన్ని ఇక్కడే తీరిపోతాయి.

చప్పుడు ఎప్పుడు వస్తోంది?

చప్పుడుని పెడల్‌తో కలిపి వినాలి. న్యూట్రల్‌లో, పెడల్ వదిలేసి ఉన్నప్పుడు గుర్రుమని, తొక్కగానే ఆగిపోతే ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ మీద అనుమానం. తొక్కినప్పుడే మొదలైతే రిలీజ్ బేరింగ్. కారు ఆగి ఉండగా, గేరులో ఉంచి క్లచ్ తొక్కి పట్టుకున్నప్పుడు మాత్రమే కీచుమంటే పైలట్ బేరింగ్, ఎందుకంటే అది తిరగాల్సింది అప్పుడే. హోండా ఎస్2000లో క్లచ్ ఫోర్కు దగ్గర గ్రీజు ఎండితే పెడల్ తొక్కేటప్పుడు కీచు శబ్దం వస్తుంది. కొత్త గ్రీజు పెడితే పోతుంది. దాన్ని బేరింగ్ పోయిందని పొరబడేవాళ్లు ఉన్నారు.

కదులుతున్నప్పుడు వేగంతో పాటు పెరిగే హోరుని వెంటనే గేర్‌బాక్స్‌కి అంటగట్టకూడదు. నెలల తరబడి ఒకే చోట నిలబడ్డ టైర్లకి కింది వైపు చదునైపోతుంది. మొదటి కొన్ని కిలోమీటర్లు కారంతా వణుకుతుంది. వేగంలో ఉండగా న్యూట్రల్‌కి తెచ్చి క్లచ్ వదిలేసినా శబ్దం అలాగే ఉంటే టైర్లు, చక్రాల బేరింగులు, డిఫరెన్షియల్ వైపు చూడాలి.

బాక్సు దించాల్సి వస్తే

ఎంఎక్స్-5లో గేర్‌బాక్స్‌నీ డిఫరెన్షియల్‌నీ కలుపుతూ పొడవాటి అల్యూమినియం చట్రం ఒకటుంది. కారుకి ఆ బిగువైన స్పందన రావడంలో దాని పాత్ర ఉంది. బాక్సు దించాలంటే ముందు దాన్ని విప్పాలి, ఎక్కించాక మళ్లీ సరైన ఎత్తులో అమర్చాలి. అంటే పని గంటలు ఎక్కువ, విడిభాగాల ఖరీదు తక్కువ. కాబట్టి పైలట్ బేరింగ్ కోసం దించినా సరే క్లచ్ ప్లేట్, ప్రెజర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్, ఇంజన్ వెనక ఆయిల్ సీల్, గేర్‌బాక్స్ ముందు సీల్ అప్పుడే మార్చేస్తారు. ఫ్లైవీల్ మీది తుప్పుని లేత్ మీద తీయించి, స్ప్లైన్లు శుభ్రం చేసి సన్నగా గ్రీజు పూస్తారు. ఎక్కువ పూస్తే అది చిమ్మి కొత్త ప్లేట్‌ని పాడుచేస్తుంది.

బాక్సు లోపలే లోపం ఉందని తేలితే బాగుచేయించాలా, సెకండ్ హ్యాండ్ బాక్సు ఎక్కించాలా అన్న ప్రశ్న వస్తుంది. ఇన్ని కార్లు తయారయ్యాయి కాబట్టి ఐదు గేర్ల పాత బాక్సులు దొరకడం కష్టం కాదు, చాలాసార్లు బాగుచేయించడం కంటే చవక కూడా. కానీ అమ్మకానికి వచ్చిన ఆ బాక్సు కూడా ఏదో ఒక షెడ్డులో ఏళ్ల తరబడి పడి ఉన్నదే కావచ్చు, నూనె తీసేసి, నోరు తెరిచి, తేమలో. కొనే ముందు ఇన్‌పుట్ షాఫ్టుని చేత్తో తిప్పి ఎక్కడైనా గరుకు తగులుతోందేమో చూడాలి, లివర్ పెట్టి అన్ని గేర్లూ వేసి చూడాలి, డ్రెయిన్ బోల్టు విప్పి అయస్కాంతాన్ని చూడాలి. కారుతో పాటే నిన్నటిదాకా రోడ్డు మీద తిరిగి, ప్రమాదంలో దెబ్బతిన్న కారు నుంచి తీసిన బాక్సు దొరికితే, దాని ఓడోమీటర్‌లో ఇంకో యాభై వేల కిలోమీటర్లు ఎక్కువున్నా దాన్నే ఎంచుకోవచ్చు.